తిట్లు తీసేసిన సీడీ

ఆ రోజు పొద్దున పదకొండు గంటల లోపే నేనొక మనిషి గొంతును చెరిపేశాను. చెరిపేసిన చోట సన్నాయి పెట్టాను. సన్నాయి మీద పచ్చని పూలరేకులు రాల్చాను. పని బాగా కుదిరిందని నాకు నేనే మురిసిపోయి, ఎదురు హోటల్ నుంచి చాయ్ తెప్పించుకొని తాగాను. తప్పు చేస్తున్నప్పుడు మనిషికి ఎక్కడో ఒకచోట చిన్న అనుమానమైనా రావాలి. నాకు రాలేదు. వచ్చిందల్లా తృప్తి.

ఆర్మూర్‌లో నాదొక ఫొటో స్టూడియో. ముప్పై ఏళ్లు పెళ్లి వీడియోలు తీసి, మిక్సింగ్ చేసి ఇచ్చాను. ఇప్పుడు పెళ్లిళ్లకు డ్రోన్లు ఎగరేసేవాళ్లు వచ్చేశారు. నా దగ్గరికి గల్ఫ్ వెళ్లేవాళ్లు పాస్‌పోర్ట్ ఫొటోలకు వస్తారు. ఇంకొందరు ఒక విచిత్రమైన పని మీద వస్తారు. లోకమంతా పాత క్యాసెట్లను ఫోన్లలోకి ఎక్కించుకుంటుంటే, వీళ్లు ఫోన్లో తీసిన వీడియోలను పాత సీడీల్లోకి దించమంటారు. ఒకరింట్లో డబ్బా టీవీ ఇంకా చావలేదు. ఒక భజన మండలికి ఎవరో దానమిచ్చిన ప్లేయర్ ఉంది, దాన్ని వాడకపోతే దాత నొచ్చుకుంటాడు. ఎందుకు కావాలని నేను ఎవరినీ అడగను. మన పని మనం చేసి ఇస్తే చాలనుకునేవాణ్ని.

పని చెప్పినంత తేలిక కాదు. ఫోన్ వీడియో తలుపులా నిలువుగా ఉంటుంది. డబ్బా టీవీ కిటికీలా ఉంటుంది. తలుపును కిటికీలో పట్టించాలి. ఫోన్లో మనిషి మీసంలో తెల్ల వెంట్రుకలు ఎన్నున్నాయో లెక్కపెట్టవచ్చు. సీడీలోకి దించాక మీసం ఉందని నమ్మాలి, అంతే. పాత ప్లేయర్లు డీవీడీ పెడితే కక్కేస్తాయి. వాటికి మామూలు సీడీయే కావాలి, అదీ నెమ్మదిగా రాసిన సీడీ కావాలి. ఖాళీ సీడీలు ఇప్పుడు దొరకడం లేదు. నా దగ్గర ఒక డబ్బాలో పాతిక దాకా మిగిలి ఉంటే, మందుల్లా జాగ్రత్తగా వాడుతున్నాను.

ఆ ముందు రోజు పెర్కిట్ నుంచి ఒక అక్క వచ్చింది. అరవై ఏళ్లుంటాయి, వ్యవసాయం చేసే మనిషి. కొంగు ముడి విప్పి, అందులో ప్లాస్టిక్ కాగితం విప్పి, దాంట్లోంచి మెమరీ కార్డు తీసింది. గోరంత కార్డు. దాన్ని నా అరచేతిలో పెట్టి, జారిపోతుందేమోనని నా వేళ్లు తానే మూసింది.

"తమ్మీ, గిండ్ల మా ఆయన వీడియో ఉంది. జర సీడీల ఎక్కియ్యి. డీవీడీ వద్దు, మా పెట్టెల తిరగది."

"ఎంతసేపు ఉంటదక్కా?"

"నాకేం ఎర్క. ఆయన ఉంటడు గదా, గంతే."

మరునాడు పొద్దున కార్డు కంప్యూటర్లో పెట్టాను. ఒకే ఒక్క వీడియో ఉంది, పదకొండు నిమిషాలు. పసుపు ఉడకబెట్టే బాయిలర్, దాని డ్రమ్ములు, చుట్టూ తెల్లటి ఆవిరి. ఎవరో ఫోన్ పక్కనే నిలబడి గొంతు చించుకుంటున్నారు. అర నిమిషం విన్నాను. స్పీకర్లు పగిలిపోయేలా ఉంది. సౌండ్ పూర్తిగా తగ్గించి మిగతాది చూశాను.

'మా ఆయన వీడియో' అంది కదా, ఆయన ఎవరా అని వెతికాను. పొయ్యిలో కట్టెలు ఎగదోస్తూ ఒక మనిషి కనిపించాడు. తలకు రుమాలు, ముఖమంతా చెమట. పదకొండు నిమిషాల్లో ముఖం సరిగ్గా కనిపించింది అతనొక్కడిదే. ఈయనే అనుకున్నాను. పాపం, పనిలో ఉన్నా ఎంత వినయంగా తల దించుకొని ఉన్నాడో అని కూడా అనుకున్నాను.

ఇక నా పాత రోగం బయటపడింది. ఉన్నది ఉన్నట్టు దించి ఇస్తే అది నా పనిలా అనిపించదు. ముందు వణుకుతున్న నిమిషం కోసేశాను. చివర మూడు నిమిషాలు నేల, చెప్పులు తప్ప ఏమీ లేవు, అవీ కోసేశాను. మిగిలిన దాంట్లో ఆ అరుపులు తీసేశాను. ఏం పెట్టాలా అని ఆలోచిస్తుంటే, పెళ్లి వీడియోల కోసం నేను తయారు చేసుకున్నవన్నీ కంప్యూటర్లో అలాగే ఉన్నాయి. లగ్గానికి ఒకటి, తలంబ్రాలకు ఒకటి, అప్పగింతలకు ఒకటి. పెళ్లికి ముందు పసుపు దంచే రోజుకు కూడా ఒకటి ఉంది. తామర పువ్వు విచ్చుకొని అందులోంచి 'పసుపు వేడుక' అని బంగారు అక్షరాలు వస్తాయి, సన్నాయి మొదలవుతుంది, పూలరేకులు రాలతాయి. తెర మీద పసుపు కనిపిస్తోంది, కంప్యూటర్లో పసుపు వేడుక సిద్ధంగా ఉంది. నా చేయి ఆగలేదు. కట్టెలు ఎగదోసే మనిషి ముఖాన్ని కత్తిరించి, తామర పువ్వు మధ్యలో పెట్టి, మెల్లగా తిప్పాను.

సీడీ తయారయ్యాక ఇంకో ఘనకార్యం చేశాను. పని అయ్యాక గిరాకీ కార్డు ఖాళీ చేసి ఇవ్వడం నాకు అలవాటు. ఎంగిలి కంచం కడిగి బోర్లించినట్టు అదొక మర్యాద అనుకునేవాణ్ని. అయితే మా దగ్గర ఇరుగుపొరుగు ఇచ్చిన గిన్నెను ఉత్తగా తిరిగి ఇవ్వరు. అందుకని ఖాళీ కార్డు ఇవ్వడం బాగుండదనిపించి, దాని నిండా భక్తి పాటలు నింపి ఇచ్చేవాణ్ని. ఆ రోజూ నింపాను. కంప్యూటర్లో జాగా లేదని నేను దించుకున్న కాపీని కూడా పూర్తిగా తీసేశాను. ఒక మనిషి గొంతు లోకంలో మిగలకుండా చేయడానికి ఇంతకన్నా పద్ధతిగా ఎవరూ పని చేయలేరు.

అక్క పదకొండున్నరకు వచ్చి సీడీ తీసుకొని ఆటో ఎక్కింది. ఒంటిగంటన్నరకు మళ్లీ వచ్చింది. స్టూలు మీద కూర్చొని, సీడీని కౌంటర్ మీద పెట్టి, కాసేపు ఊపిరి పీల్చుకుంది.

"తమ్మీ, మా ఆయనేడి?"

"గదేందక్కా? నడుమ పువ్వుల తిరుగుతున్నది బావే గదా."

"గాడు మిషినోడు."

నేను కౌంటర్ మీది సీడీని చేతిలోకి తీసుకున్నాను.

"పసుపు ఉడకవెట్టెటోడు. గాన్ని పువ్వుల కూసోవెట్టి తిప్పినవేంది? వాడేమన్న పెండ్లికొడుకా?"

"మరి బావ ఏడున్నడక్కా దాంట్ల?"

"బావ తీసిండు. తీసెటోడు దాంట్ల ఎట్ల కనవడుతడు? ఆయన మాట ఉండె గదా. గా మిషినోన్ని మస్తు తిట్టిండు గదా. గా తిట్లేవి?"

అప్పుడైనా నిజం ఒప్పుకోవాలి. నేను ఒప్పుకోలేదు. ఈ భాగం రాయడానికి నాకు ఇప్పటికీ సిగ్గుగా ఉంది. "మీ ప్లేయర్ పాతదక్కా," అన్నాను. "దానికి మనిషి గొంతు పట్టది."

అక్క నా వంక చూసింది. కోపంగా కాదు, లెక్క తప్పిన పిల్లవాడిని టీచర్ చూసినట్టు చూసింది.

"సన్నాయి పట్టింది గదా తమ్మీ?"

పక్కన ఫొటో కోసం తల దువ్వుకుంటున్న గిరాకీ ఒకాయన దువ్వెన ఆపి నవ్వాడు. నేను నవ్వలేదు. "నేనే తీసేసిన అక్కా," అన్నాను. "లొల్లి ఎక్కువ ఉందని తీసేసిన."

అప్పుడు చెప్పింది అక్క. వానాకాలంలో బావ పొలం దగ్గర కాలువ గట్టు మీద పడిపోయాడు. పక్షవాతం. ఫోన్ కాలువలో పడింది, అందులోంచి కార్డు ఒక్కటే తీసి ఎండబెట్టి దాచింది. కుడి చేయి పోయింది, మాట పోయింది. ఆరు నెలలుగా నిజామాబాద్ దవాఖానలో మాట నేర్పే డాక్టరమ్మ దగ్గరికి తీసుకుపోతోంది.

"డాక్టరమ్మ ఏమందంటే, ఈనకు అలవాటు పడ్డ మాటలు ముందు తిరిగి వస్తయంట. అంకెలు, పాటలు, తిట్లు. ఈనకు పాట రాదు. అంకెలు చెప్పిచ్చినం, రాలే. 'తిట్టే అలవాటుందా అమ్మా?' అని అడిగింది. లేకేం, మస్తున్నది అన్న. ఆయన గొంతే ఆయనకు ఇనిపియ్యుమంది. దినాం ఇనాలె, ఎంట ఎంట అనాలె అంది. ఆయన గొంతు ఏడున్నది మరి? గీ ఒక్క వీడియోల్నే ఉండె."

ఫోన్లోనే వినిపించవచ్చు కదా అని నాకు అనుమానం వచ్చింది, అక్కే చెప్పింది. బావ ఎడమ చేయి వణుకుతుంది. ఫోన్ మీద ఒకటి ముట్టబోతే ఇంకోటి తెరుచుకుంటుంది, కోపం వచ్చి విసిరేస్తాడు. కానీ మస్కట్‌లో పనిచేసినప్పుడు కొనుక్కొచ్చుకున్న సీడీ ప్లేయర్ బొత్తాన్ని మాత్రం ఎడమ బొటనవేలితో తానే ఒత్తుతాడు. ఇరవై ఏళ్ల అలవాటు. ఆయనంతట ఆయన చేయగలిగిన పని ఇంట్లో ఇప్పుడు అదొక్కటే. దాన్ని ఇంకెవరినీ ముట్టుకోనివ్వడు.

"ఫికరేం లేదు తమ్మీ," అంది అక్క, నా ముఖం చూసి. "కార్డుల ఉంటది గదా, మల్ల ఎక్కియ్యి."

"కార్డుల భక్తి పాటలున్నయక్కా."

"భక్తి పాటలా?"

"ఉత్తగ ఇయ్యొద్దని… నేనే ఏసిన."

ఆమె తిట్టి ఉంటే నాకు బాగుండేది. తల వంచుకొని తిట్ల కోసమే ఎదురుచూశాను. తల ఎత్తి చూస్తే, కార్డును మళ్లీ ప్లాస్టిక్ కాగితంలో చుడుతోంది. ఇప్పుడు దాంట్లో ఏముందని అంత జాగ్రత్త?

"తిట్టక్కా," అన్నాను.

"నాకు తిట్టుడు రాదు తమ్మీ. ఇంట్ల గా పని ఆయనదే."

ఆ కాసేపట్లో నాకొక సంగతి తెలిసింది. ముప్పై ఏళ్లలో నేను తీసిన పెళ్లిళ్లలో ఎవరూ మాట్లాడరు. పెదవులు కదులుతాయి, పాట వస్తుంది. పెళ్లికూతురి మేనత్త తలంబ్రాల దగ్గర ఏదో అని అందరినీ నవ్వించి ఉంటుంది, అది నా దగ్గర సన్నాయి అయిపోయింది. కట్నకానుకలు చదివే పెద్దమనిషి గొంతు, వంటల దగ్గర కొట్లాట, అప్పగింతల్లో తండ్రి చివరి మాట, అన్నీ లొల్లి అని తీసేసి పాటలు పెట్టాను. ఆర్మూర్ చుట్టూ ఎన్ని బీరువాల్లో నా మూగ పెళ్లిళ్లు ఉన్నాయో. వాటిని చూసి నన్ను మెచ్చుకున్నవాళ్లే ఎక్కువ, అందుకే నాకు బుద్ధి రాలేదు.

"గీ వీడియో బావ ఎవరికన్న పంపిండా అక్కా?" అని అడిగాను.

అక్క ఆలోచించింది. "పంపుటానికే గదా తీసింది. గా మిషినోనికే పంపిండు. పసుపు సరిగ ఉడకలేదని లొల్లి జేస్తే, 'నేను మంచిగనే ఉడకవెట్టిన' అన్నడంట. నీ పని సూసుకో అని వీడియో తీసి వానికే పంపిండు. గప్పటిసంది మాటల్లేవు ఇద్దరికి."

అంటే ఆ గొంతు ఇప్పుడు ఎవరి దగ్గరైనా ఉందంటే, దాంతో తిట్లు తిన్న మనిషి దగ్గరే ఉండాలి.

స్టూడియోకు తాళం వేసి స్కూటర్ తీశాను. పసుపు ఉడకబెట్టే రోజులు కాబట్టి మిషినతను ఎక్కడో పొలాల్లోనే ఉంటాడు. వేల్పూర్ రోడ్డు మీద అడుగుతూ పోతే, ఆవిరి లేస్తున్న చోట దొరికాడు. పొద్దున తామర పువ్వులో చూసిన ముఖమే, అదే రుమాలు, అదే చెమట. ఎంతో తెలిసిన మనిషిలా చనువుగా నవ్వాను. అతను నవ్వలేదు.

సంగతి చెప్పడం మొదలుపెట్టాను. "పెర్కిట్ అన్న మీకొక వీడియో పంపిండంట గదా, తిట్టుకుంట…"

"పంపిండు. అయితే?"

"గది నాకు గావాలె. సీడీ జెయ్యాలె."

అతను చేతిలో కట్టె పట్టుకొనే నా దగ్గరికి వచ్చాడు. "నన్ను తిట్టిన తిట్లు సీడీ జేస్తవా? జేసి ఏం జేస్తవు, ఊరంత పంచుతవా? బస్టాండ్ల ఏస్తవా? నాకు గిరాకీ ఉండద్దా?"

"గట్లగాదు తమ్మీ…"

"ఎవలు వంపిన్రు నిన్ను? గాయనేనా? ఏడాదైనా కోపం తగ్గలేదా గాయనకు? ఈసారి ఉడకవెట్ట రమ్మని ఫోన్ గూడ జెయ్యలే. పదేండ్లసంది ఆయన పసుపు నేనే ఉడకవెట్టిన!"

"ఆయన ఎట్ల ఫోన్ జేస్తడు? మాట వడిపోయింది ఆయనకు."

అతను కట్టె కింద పెట్టాడు. వానాకాలంలో ఏదో జబ్బు చేసిందని విన్నాడట, నయమైందనుకున్నాడట. మాట పోయిందని తెలియదు. నేను మొత్తం చెప్పాను. డాక్టరమ్మ మాట చెప్పాను, ప్లేయర్ బొత్తాం సంగతి చెప్పాను, నేను చేసిన పని కూడా చెప్పాను. అతన్ని తామర పువ్వులో పెట్టి తిప్పానన్నది మాత్రం చెప్పలేదు. ఒక రోజుకు ఒక మనిషి ఎన్ని తప్పులని ఒప్పుకోగలడు?

అతను చేతులు తుడుచుకొని ఫోన్ తీశాడు. వీడియో నాలుగు ముక్కలుగా ఉంది. పెద్దది ఒకేసారి పోలేదని బావ ఎవరితోనో నాలుగు ముక్కలు చేయించి, ఒక ముక్క తర్వాత ఒక ముక్క, నాలుగుసార్లు తిట్లు పంపాడన్నమాట.

"తీసేయకుంట ఉంచుకున్నవేంది తమ్మీ?"

"పంచాయితీ అయితే సూపెడుదామని ఉంచిన," అన్నాడు. ఫోన్ తెర మీది తడి తుడుస్తూ, "పంచాయితీ కాలే. గని తియ్యబుద్ధి గాలే. మనిషి గంత మంచిగ తిడుతడు," అన్నాడు.

మొదటి ముక్క నొక్కాడు. ఆ పొలంలో, ఆవిరి మధ్య, అర నిమిషానికి మించి నేను వినని గొంతు వినిపించింది.

"ఏందిరా గిది? పసుపు ఉడకవెట్టినవా, తానం పోసినవా? ఇగో సూడు, పుల్ల గుచ్చితే దిగుతలేదు! రాయి లెక్క ఉన్నది! గుడ్డోడా, పుల్ల గుచ్చి దించుతవా, పొగ జూసి దించుతవా? నిన్ను గన్నందుకు మీ అవ్వకు దండం వెట్టాలె!"

డ్రమ్ముల దగ్గర పసుపు ఎత్తుతున్న కూలీలు నవ్వు ఆపుకోలేకపోయారు. మిషినతను ఫోన్ ఆపేశాడు.

"అన్నా, ఒక్క మాట. నన్ను ఏమన్న అననీ. మా అవ్వను అన్నడు గదా, గదొక్కటి తీసెయ్యి."

"దండం వెట్టాలె అన్నడు గదా తమ్మీ. దండమే గదా."

"గది ఎసొంటి దండమో నీకు తెల్వదా?"

నాకు తెలుసు. ఆ ఒక్క ముక్క కోయడం నాకు క్షణం పని. ముప్పై ఏళ్లు చేసిన పని. అతను అడుగుతున్నదీ న్యాయమే. కానీ పొద్దున నేను చేసిందీ ఇలాంటి న్యాయంతోనే. "తియ్య తమ్మీ," అన్నాను. "ఒక్క మాట గూడ తియ్య. ఏ మాట పట్టుకొని ఆయన నోరు తెరుస్తడో మనకేం ఎర్క?"

అతను నా వంక, బాయిలర్ వంక చూసి, "సరే," అన్నాడు. "గని గా మాట వచ్చినప్పుడు సౌండ్ జర తగ్గియ్యుమను అక్కను."

నాలుగు ముక్కలూ నా ఫోన్లోకి వచ్చాయి.

స్టూడియోకు వచ్చి మొదటిసారి పదకొండు నిమిషాలూ విన్నాను. చెప్పులు మాత్రమే కనిపించే చివరి మూడు నిమిషాల్లో అసలు సంగతి ఉంది. బావకు వీడియో ఆపడం రాలేదు. ఫోన్ పట్టుకొనే నడుస్తున్నాడు.

"ఏమే, ఇదెట్ల బంద్ జేస్తరే? ఎర్రది ఒత్తుతున్న, బంద్ అయితలేదు. బంద్ గాకుంటే పోనియ్యి. నువ్వు తిన్నవానే? తినలేదా? ఎండ నడినెత్తికి వచ్చింది. తినకుంట పడి సస్తే నిన్నెవడు మోస్తడు? నాకు నడుములు నొస్తున్నయి."

ఈ మూడు నిమిషాలను నేను పొద్దున చెత్త అని కోసేశాను.

ముక్కలను వరుసగా అతికించాను. నిలువు బొమ్మను నిలువుగానే ఉంచాను, పక్కల నల్లగా వస్తే రానీ అనుకున్నాను. చివరికి వచ్చింది చూస్తే బాయిలర్ ఏదో, గేదె ఏదో చెప్పలేని బొమ్మ. గొంతు మాత్రం గొంతులాగే ఉంది. గీతలు పడితే ఇబ్బందని, మందుల్లా దాచుకున్న సీడీల్లోంచి ఐదింటి మీద అదే రాశాను. నాలుగున్నరకు పెర్కిట్ చేరాను.

బావ ప్లాస్టిక్ కుర్చీలో, భుజాన తువాలుతో కూర్చొని ఉన్నాడు. అక్క నన్ను చూపించి, "సన్నాయి వెట్టింది గీ తమ్ముడే," అని పరిచయం చేసింది. బావ నన్ను పైనుంచి కిందికి చూశాడు. మాట లేదు కానీ ఆ చూపు అనాల్సిందంతా అనేసింది. సీడీ ఎడమ చేత్తో తానే తీసుకున్నాడు, పెట్టాడు, బొటనవేలితో బొత్తాం ఒత్తాడు.

గొంతు వచ్చింది. బావ ముందు తలుపు వైపు చూశాడు, ఎవరో ఇంటి మీదికి తిట్టుకుంటూ వస్తున్నారనుకొని. తర్వాత టీవీ వైపు చూశాడు. 'తానం పోసినవా' దగ్గర ఆయన పెదవి ఎడమ కొస కదిలింది. 'దండం' దగ్గర గట్టిగానే నవ్వాడు. నవ్వు పోలేదు ఆయనకు. సౌండ్ తగ్గించమని మిషినతను అడిగిన మాట నాకు గుర్తే ఉంది, కానీ ఎవరూ తగ్గించలేదు. 'నువ్వు తిన్నవానే' అని వచ్చినప్పుడు అక్క లేచి వెళ్లి, సర్ది ఉన్న గ్లాసులనే మళ్లీ సర్దింది.

అయిపోయింది. బావ మళ్లీ బొత్తాం ఒత్తాడు. రెండోసారి అయ్యాక నేను అడిగాను, "డాక్టరమ్మ ఎంట ఎంట అనుమంది గదా అక్కా. ఎవరంటరు?"

"ముందుగాల ముఖం ఎదురుంగ కూసోని, మెల్లగ అనాలెనంట. అది జూసి ఆయన అనాలెనంట." అక్క గొంతు తగ్గించింది. "గదే నాతోని గాదు తమ్మీ. పెండ్లయి నలభై ఏండ్లు. ఆయన్ను ఒక్క మాట అన్లే. ఇప్పుడు ముఖం మీద గుడ్డోడా అని ఎట్లంట?"

"నేనంట."

ఆయన ఎదురుగా స్టూలు వేసుకొని కూర్చున్నాను. గొంతు సవరించుకొని, ఒక్కొక్క అక్షరం విడదీసి, "గు… డ్డో… డా," అన్నాను.

బావ కళ్లు ఎర్రబడ్డాయి. అక్క గాభరాగా, "నిన్ను గాదయ్యా, నేర్పుతున్నడు!" అంది.

"బావా, నన్ను జూసి అనుండ్రి," అన్నాను. "పొద్దుగాల నేను జేసిన పనికి గా మాట సరిగ్గ సరిపోతది. ఊకే అనుండ్రి."

"బ," అన్నాడు బావ. ఆయనకు అప్పుడున్న శబ్దం అదొక్కటే.

"గుడ్డోడా! తలకాయల ఏమున్నదిరా?" అని నేను గట్టిగా అందుకున్నాను. గోడ అవతలి నుంచి పొరుగింటి ఆమె తల ఎత్తి, "ఎవడయ్యా నువ్వు? మాట పడిపోయిన మనిషిని గట్ల తిడుతవా, సిగ్గు లేదా?" అంది. ఆమెకు నచ్చజెప్పడానికి అక్కకు పావుగంట పట్టింది. ఆ పావుగంటా బావ పెదవి ఎడమ కొసతో నవ్వుతూనే ఉన్నాడు.

అప్పటి నుంచి ఆదివారం పొద్దున స్టూడియో తెరవను. పెర్కిట్ వెళ్లి, బావ ఎదురుగా గంటసేపు కూర్చొని తిడతాను. ఆయన నా పెదవులు చూస్తాడు. రెండు ఆదివారాలు 'బ' తప్ప ఏమీ రాలేదు. సీడీ మాత్రం రోజూ తిరుగుతోంది. మొదటిది గీతలు పడి ఆగిపోతే రెండోది తీశారు.

మూడో ఆదివారం నేను తిట్టడం మొదలుపెట్టాక బయట బండి ఆగింది. మిషినతను లోపలికి వచ్చాడు. చేతిలో సంచి. బావ దగ్గరికి వెళ్లి ఏం మాట్లాడాలో తెలియక నా మీద పడ్డాడు.

"గా తిట్లు నాకు వెట్టినయి గదా? నడుమ నువ్వు తినుడేంది అన్నా? లే, లే. నేను కూసుంట."

స్టూలు ఖాళీ చేశాను. అతను కూర్చొని, సంచిలోంచి ఆ పొద్దున ఉడకబెట్టిన పసుపు కొమ్ములు నాలుగు తీసి బావ ఒళ్లో పెట్టాడు. సన్నటి పుల్ల ఒకటి ఇచ్చాడు. "నువ్వే సూడన్నా. గీసారి సరిగ ఉడికిందా, లేదా?"

బావ పుల్లను ఎడమ చేతిలోకి తీసుకున్నాడు. ఆ చేయి వణుకుతోంది. ఒక కొమ్మును తొడ మీద నొక్కి పట్టి, పుల్ల గుచ్చాడు. పుల్ల కొంచెం దిగి ఆగింది. ఇంకొంచెం నొక్కాడు. కొమ్మును ఎత్తి వెలుగులో చూశాడు. ఆయన నుదుటి మీద గీతలు లేచాయి. నోరు తెరిచాడు, మూశాడు, మళ్లీ తెరిచాడు.

"ఉ… డ… కలే."

అక్క లోపలి నుంచి పరుగున వచ్చింది. "ఏమన్నడు? తమ్మీ, ఏమన్నడు?"

"ఉడకలేదంట అక్కా."

మిషినతను అన్నీ మరిచిపోయాడు. స్టూలు మీంచి లేచి నిలబడ్డాడు. "ఉడకలేదా? ఎన్నముద్ద లెక్క ఉన్నది గదా అన్నా! ఇగో, ఇట్ల గుచ్చు, నువ్వు అడ్డం గుచ్చినవు! పదిమంది సూసిన్రు, పదిమంది మంచిగ ఉడికిందన్నరు!"

"ఉడ… కలే," అన్నాడు బావ, ఈసారి కొంచెం గట్టిగా.

"ఉడికింది!"

"కలే!"

అక్క గుమ్మం పట్టుకొని నిలబడి, ఏడవాలో నవ్వాలో తెలియక, "మెల్లగ, మెల్లగ," అంటోంది. ఎవరికి చెబుతోందో ఆమెకే తెలియదు. నేను ఫోన్ తీసి పట్టుకున్నాను.

మరునాడు దాన్ని సీడీ చేశాను. ముందు మొదటి నుంచి చివరి దాకా విన్నాను, తర్వాత ఇంకోసారి విన్నాను. బావ మాట అందులో నాలుగైదు చోట్లే ఉంది. మిగతాదంతా మిషినతని వాదన, కుక్కర్ కూత, గోడ అవతలి నుంచి పొరుగామె "మల్ల ఏమైందే?" అనడం, మధ్యలో నా తుమ్ము. దేన్నీ ముట్టుకోలేదు. సాయంత్రం పెర్కిట్ తీసుకెళ్లి బావ ఎడమ చేతిలో పెట్టాను. బొత్తాం ఆయనే ఒత్తుకున్నాడు.